వలస వచ్చినవానికి ఈయదగిన దానమేది?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని తెలిసికొనుటకు ఏ శాస్త్రమును తిరుగవేయ నక్కరలేదు. వాకిట నిలిచి అడిగినవానిని వట్టిచేతులతో పంపని ఇల్లాండ్రు తెలుగు కుటుంబములలో నేటికిని కలరు. కాని ఊరు విడచి, భాష విడచి, బంధువులను విడచి, పొట్ట చేతబట్టుకొని మరియొక రాష్ట్రమునకు వచ్చినవాని విషయమున ఆ పిడికెడు మెతుకులతో ధర్మము తీరినట్లగునా? అతనికి ఈయదగినది అన్నమా, విద్యయా, పనియా? ఈయవలసినవా డెవడు? ఎంతవరకు ఈయవలెను? ఇవి పండితులు సభలలో వాదించుకొను ప్రశ్నలు మాత్రమే కావు. 2011 జనాభా లెక్కలలో, మునుపున్న చోటు విడచి వేరొకచోట నివసించుచున్నవారు భారతదేశమున 45 కోట్లకు పైగా తేలిరి. అందు వివాహమై అత్తవారింటికి పోయిన స్త్రీల సంఖ్య మిక్కిలి పెద్దది. దగ్గరి ఊళ్లకు మారినవారును పెక్కండ్రు. వారి నందరిని తీసివేసినను, కూలికొరకు రాష్ట్రములు దాటువారు కోట్లలోనే మిగులుదురు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైనపుడు వీరు ఒక్కసారిగా రహదారులమీద కనబడిరి. రైళ్లు లేవు, బస్సులు లేవు. మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని వందల మైళ్లు నడచిరి. స్వస్థలములకు తిరిగి చేరినవారు కోటి నాలుగు లక్షలకు పైబడిరని ఆ సంవత్సరము సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. ఆ దినములలో దానశీలతకు లోటు రాలేదు. గురుద్వారములు, దేవాలయములు, మసీదులు, జైన సంఘములు, పేరు చెప్పుకొనని గృహస్థులు దారిప్రక్కన నిలిచి అన్నము, నీరు, చెప్పులు పంచిపెట్టిరి. అది మెచ్చదగిన పని. అయినను ఆ దృశ్యములోనే ఒక ప్రశ్న దాగియున్నది. పదేండ్లు ఒక నగరమున మేడలు కట్టినవాడు, ఆ నగరము కొన్ని దినములు మూతపడగానే, తలుపు తట్టుటకు తెలిసిన గడప ఒక్కటియు లేక, ఎంతో దూరమున నున్న పల్లెకు నడువవలసి వచ్చినచో, ఆ పదేండ్లలో నగరము అతని కిచ్చినదేమి? కూలి యిచ్చినది, చోటు ఇయ్యలేదు. అన్నదానము రహదారిమీదను జరుగును. చోటిచ్చుట మాత్రము ఊరిలోపల, ఏండ్ల తరబడి, ఓర్పుతో జరుగవలసిన పని.

జైన సంప్రదాయమున ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అని దానము నాలుగు విధములుగ చెప్పుట ప్రసిద్ధము. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున ఆహారము, ఔషధము, ఉపకరణము, ఆవాసము అని ఎంచిరి. ఈ విభాగములు ప్రధానముగ సాధువుల సేవ నుద్దేశించినవి. దీనులయెడ గృహస్థుడు చూపు దానమునకు అనుకంపాదానమని వేరు పేరు కలదు. కాని ఎవరి నుద్దేశించి చెప్పినను ఆచార్యుల దృష్టి ఒక్కటి స్పష్టము. దానమనగా అన్నమొక్కటే యని వారెన్నడును తలపలేదు. మనుష్యునికి ఆకలి యున్నట్లే వ్యాధి యున్నది, అజ్ఞానమున్నది, భయమున్నది. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క మందు. క్రొత్తచోటికి వచ్చిన కూలివానికి ఈ నాలుగు బాధలును ఒకేసారి కలుగును. అతనికి ఆకలి యున్నది. జ్వరము వచ్చినచో ఏ ఆసుపత్రికి పోవలెనో తెలియదు. బస్సుమీది పేరు చదువలేడు. ఎవడు గద్దించినను ఎదురుచెప్పలేడు.

ఈ నాలుగింటిలో ఆహారదానము సులభమైనది. ఇచ్చినవానికి వెంటనే తృప్తి, పుచ్చుకొన్నవానికి వెంటనే తృప్తి. ఇచ్చిన చేయి ఎప్పుడును పైన, పుచ్చుకొన్న చేయి ఎప్పుడును క్రింద. రేపు మరల ఆకలి వేయును, మరల ఆ చేయి చాపబడును. పని నేర్పుట అట్టిది కాదు. నేర్చినవాడు మరల చేయి చాపడు. లేచి నిలుచును, దాతతో సమానుడగును. ఒక్కొక్కప్పుడు దాత దుకాణమునకు ఎదురుగనే తన దుకాణము తెరచును. అందుచేతనే సత్రము కట్టించుటకు దొరికినంత సులభముగ పని నేర్పుటకు దాతలు దొరకరు. నేర్పుటలో ధనముతోబాటు తన ఆధిక్యమును కొంత వదలుకొనవలసి యుండును. ధర్మసంకటము సరిగా నిక్కడనే యున్నది.

ఈ సంకటమునకు జైన పురాణములలో మిక్కిలి ప్రాచీనమైన ఉదాహరణ యున్నది. అది మొదటి తీర్థంకరుని కథ. భోగభూమి కాలమున ప్రజలకు కావలసిన దెల్ల కల్పవృక్షములే ఇచ్చుచుండెను. దున్నుట లేదు, వండుట లేదు, నేయుట లేదు. కాలక్రమమున ఆ వృక్షములు క్షీణించెను. ఆకలిని ఎరుగని ప్రజలకు ఆకలి కలిగెను. వారు భయపడి నాభిరాజు కడకు పోగా ఆయన వారిని తన కుమారుడగు ఋషభదేవుని యొద్దకు పంపెను. ఋషభదేవుడు వారికి అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యము, శిల్పము అను ఆరు వృత్తులు నేర్పెను. ఆయుధము పట్టి రక్షించుట, వ్రాతపని, సేద్యము, చదువు, వ్యాపారము, చేతిపని అని వాటి అర్థము. తన కుమార్తె బ్రాహ్మికి అక్షరములను, సుందరికి అంకెలను నేర్పెననియు కథ చెప్పును.

ఆ ప్రజలు కాలు కదపలేదు, కాలమే వారి క్రింద కదలిపోయినది. తాము పుట్టిన లోకము మాయమై, ఏమియు తెలియని క్రొత్త లోకమున నిలువబడిరి. వలసవచ్చినవాని స్థితి ఇట్టిదే. పుట్టిన ఊరిలో అతడు నేర్పరి. ఏ చెలకలో ఏ గింజ పండునో, ఏ మబ్బు కురియునో, ఏ పెద్దమనిషి మాట నిలుచునో అతనికి తెలియును. క్రొత్త నగరమున ఆ తెలివి చెల్లని నాణెమగును. చుట్టునున్నవారు అతనిని మూఢుడని తలతురు. నిజమునకు అతడు మూఢుడు కాడు, అతని కల్పవృక్షము ఎండిపోయినది. అట్టివానికి ఋషభదేవుడు ప్రతిపూట పంక్తిభోజనము ఏర్పాటు చేయలేదు. నాగలి పట్టుట నేర్పెను. లోకమును త్యజించి తపస్సునకు పోకముందు ఆయన చేసిన ఈ పనిని పురాణకర్తలు రాజ్యవ్యవహారమని తేలికగ వదలివేయలేదు. జినసేనాచార్యులు సంస్కృతమునను, పంపకవి 941లో కన్నడమునను రచించిన ఆదిపురాణములలో దానికి గౌరవస్థానము కలదు.

శాస్త్రదానమనగా తత్త్వజ్ఞానమును ఇచ్చుట గాని, తాపీపనియు లెక్కలును నేర్పుట కాదని ఒక ఆక్షేపణ రావచ్చును. శబ్దార్థమును బట్టి అది సత్యమే. కాని భావమును బట్టి చూడవలసిన దొకటి యున్నది. తత్త్వార్థసూత్రమున ఉమాస్వామి జ్ఞానావరణ కర్మము జీవునికి ఏయే కారణములచేత అంటుకొనునో లెక్కించినాడు. అందు నిహ్నవము, మాత్సర్యము, అంతరాయము అనునవి కలవు. తెలిసినదానిని తెలియదని దాచుట నిహ్నవము. నేర్పదగినవానికి నేర్పక బిగబట్టుట మాత్సర్యము. ఇతరుడు నేర్చుకొనుచుండగా అడ్డుపడుట అంతరాయము. విద్యను దాచినవాడు తన విద్యకే తెర కట్టుకొనుచున్నాడని దీని సారాంశము. ఈ సూత్రము పరమార్థజ్ఞానమును గూర్చి చెప్పబడినదే కావచ్చును. అయినను దాచుకొనువాని మనస్సు రెండుచోట్లను ఒక్కటే. తత్త్వమును దాచినను, తరాజు పట్టు నేర్పును దాచినను, లోపల పనిచేయునది “వీడు నాతో సమానుడగునేమో” అను భయమే. ధనము, భూమి, ధాన్యము, పశువులు మాత్రమే పరిగ్రహము కావు. బాహ్యవస్తువులయందలి మూర్ఛయే పరిగ్రహమని శాస్త్రము చెప్పినపుడు, తన నేర్పుపైని మూర్ఛకు మాత్రము మినహాయింపు ఎట్లు కలుగును? పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టి నగలు లెక్కించి, నేర్పును మాత్రము పెట్టెలో పెట్టి తాళము వేసికొన్నవాని వ్రతము సగమే నెరవేరినది.

నేర్పును పంచుకొనుట జైన గృహస్థులకు క్రొత్త పని కాదు. రాజస్థానమునుండి కలకత్తాకు పోయిన మార్వాడీ వర్తకులు బాసాలను ఉమ్మడి భోజనశాలలు నడిపిరి. ఊరినుండి వచ్చిన కుఱ్ఱవానికి అక్కడ అన్నము దొరకెడిది, పడుకొను చోటు దొరకెడిది. తెలిసినవారి కొట్టులో గుమాస్తాగ చేరి, చిట్టా ఆవర్జాలు వ్రాయుట, సరకు గుణము తెలియుట, మాట నిలుపుకొనుట నేర్చుకొనెడివాడు. కొన్నేండ్లకు నమ్మకము కుదిరినచో అరువు పుట్టెడిది, స్వంత కొట్టు తెరచెడివాడు. ఇందు ఆవాసము, ఆహారము, విద్య, మూలధనము ఒకదానివెంట ఒకటి చక్కగ అమరినవి. భిక్షమెత్తవలసిన అవసరమే కలుగనట్టి దానము ఇది. వట్టి చేతులతో ఇల్లు విడచిన పెక్కు కుటుంబములు నేడు నిలదొక్కుకొని యుండుటకు ఇట్టి ఏర్పాటు ముఖ్యకారణము.

దీనికి సాధర్మిక వాత్సల్యమని పేరు. తోటి ధర్మమువానిని బిడ్డవలె చూచుట గొప్ప గుణమే. కాని దాని సరిహద్దు ఎక్కడ? అదే కొట్టులో మూటలు మోయు కుఱ్ఱవాడు గంజాము నుండియో మహబూబ్‌నగర్ నుండియో వచ్చినవాడైనచో, అతడు ఇరువది సంవత్సరములు మూటలే మోయుచుండును. పద్దు పుస్తకము అతని చేతికి రాదు. తెలివి లేదని కాదు, తనవాడు కాడని. వాత్సల్యము తనవారియెడ కలుగుట సహజము. సహజమైనదానికి వ్రత మక్కరలేదు. జీవులు ఒండొరులకు ఉపకరించుట జీవలక్షణమని ఉమాస్వామి చెప్పినపుడు ధర్మమును, కులమును, భాషను బట్టి వారిని విభజింపలేదు. వాత్సల్యము వద్దకు వచ్చి ఆగిపోయిన దానము ఇల్లు దాటని దీపమువంటిది. అనుకంప దానిని వీధిలోనికి తెచ్చి పెట్టవలెను.

రాష్ట్రము వెలుపల తరతరములుగ నివసించుచున్న తెలుగువారికి ఈ మాట ఇతరులకంటె త్వరగా బోధపడవలెను. వారి కుటుంబములలో పెక్కింటికి మూలపురుషుడు వలస వచ్చినవాడే. విజయనగర నాయకరాజుల కాలమున తమిళదేశమునకు పోయిన రైతులు, నేతగాండ్రు, కోలారు బంగారు గనులలో దిగిన కూలీలు, 19వ శతాబ్దినుండి తెలంగాణమునుండి షోలాపూరుకు చేరిన పద్మశాలీలు, అందరును ఒకప్పుడు తెలియని భాషమధ్య నిలిచినవారే. షోలాపూరున 1877లో మొదటి నూలుమిల్లు వెలసినది. మగ్గపు నేర్పును చేతిలో పట్టుకొని పోయిన పద్మశాలీలకు ఆ ఊరు పని చూపినది. వారు ఆ ఊరి దుప్పట్లకు దేశమంతట పేరు తెచ్చిరి. అన్నము పెట్టి పంపివేసియున్నచో ఆ ఊరికి ఒక పూట పుణ్యము మిగిలియుండును. మగ్గము వేసికొననిచ్చుటచేత తరతరముల సంపద కలిగినది.

ఆదిపురాణమును వ్రాసిన పంపకవి వంశమే దీనికి నిదర్శనము. ఆయన పూర్వులు వేంగీదేశమువారు. ఆయన వేములవాడ చాళుక్యరాజగు రెండవ అరికేసరి ఆస్థానమున నుండి కన్నడమున ఆదికవిగ కీర్తింపబడినాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగరము ప్రాంతపు కుర్క్యాల గుట్టమీద 10వ శతాబ్దిలో వేయించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. క్రొత్త భాష నేర్చుకొన్నచో పాతది పోవునను భయమునకు ఆ బండయే సమాధానము. కన్నడమును నేర్చిన కుటుంబము తెలుగును విడువలేదు.

ఇచట ఒక బలమైన ఆక్షేపణ కలదు. బయటివానికి పని నేర్పినచో ఊరివాని నోటికూడు పోదా? దీనిని స్వార్థమని కొట్టివేయరాదు. తెలుగువారే ఒకప్పుడు ఈ ప్రశ్నకు మూల్యము చెల్లించిరి. యానాము దాపునగల కోరంగి రేవునుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచెడివారు. రంగూను రేవులో సరకులెత్తు పని ఎక్కువగ వారిదే. 1930 మే నెలలో కూలి పెంచవలెనని వారు సమ్మె కట్టిరి. యజమానులు బర్మా కూలీలను పిలిచి పని చేయించిరి. తరువాత రాజీ కుదిరి తెలుగువారు తిరిగి పనిలోనికి రాగా బర్మావారిని పొమ్మనిరి. మే 26న మొదలైన కొట్లాటలలో నూరుమందికి పైగా మరణించిరి, చచ్చినవారిలో తెలుగువారే ఎక్కువ. ఆ రెండు పక్షములలో దుర్మార్గు లెవరు? ఇరువురును ఆకలిగొన్నవారే. ఒక్క విస్తరి పరచి ఇద్దరిని పిలిచినవానిదే దోషము.

దీనినుండి నేర్చుకొనవలసినది వలసవానిని రానీయరాదని కాదు. అతనిని స్థానికుని కూలి తగ్గించుటకు పనిముట్టుగ వాడరాదని. ఒకే పనికి ఒకే కూలి యిచ్చినచో స్థానికునకు భయము లేదు, వచ్చినవానికి అన్యాయము లేదు. నేర్పు లేనివాడే తక్కువ కూలికి ఒప్పుకొనును. కనుక వలసవానికి పని నేర్పుట, అతని హక్కు అతనికి తెలుపుట స్థానికునకును రక్షణయే. దయ పేరుతో పనిలో పెట్టుకొని సగము కూలి యిచ్చువాడు ఇద్దరికిని ద్రోహము చేయుచున్నాడు.

ఇట్టి ద్రోహమును శ్రావకధర్మము పేరుపెట్టి చెప్పినది. అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు వేయుట, అన్నపానములు ఆపుట. పశువుల విషయమున జైన గృహస్థుడు వీటిని తప్పక పాటించును, పాంజరాపోలులు కట్టించును. అతని వ్యాపారమునకు ఇటుకలు, సున్నము, కంకర తెచ్చియిచ్చు మనుష్యుల విషయమున కూడ వీటిని చదువుకొనవలెను. ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి నుఆఖాయి పండుగ గడచిన తరువాత అడ్వాన్సు పుచ్చుకొని కుటుంబములు కుటుంబములుగ తెలుగు రాష్ట్రముల ఇటుక బట్టీలకు పోవుట ఏండ్లనుండి జరుగుచున్నది. అప్పు తీరువరకు కదలరాదన్నచో అది బంధము కాదా? త్రాడు కనబడకపోవుటచేత కట్టు లేదని చెప్పవచ్చునా? వేయి ఇటుకల లెక్కలో తరుగు పేర కోత వేసినచో, అది అచౌర్యవ్రతమునకు అతిచారముగ చెప్పబడిన దొంగకొలతయే. వెట్టిచాకిరిని 1976 చట్టము నిషేధించినది. 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము పాసు పుస్తకము, ప్రయాణ భత్యము, నెల కూలిలో సగమునకు తగ్గని స్థానభ్రంశ భత్యము ఈయవలెనని శాసించినది. దానిని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో కలిపివేసిరి. చట్టములు మారును. కట్టరాదు, కొట్టరాదు, తప్పుడు కొలత కొలువరాదు అను వ్రతము మారదు. అభయదానమనగా ఇదియే. అభయము లేనిదే విద్య తలకెక్కదు. రేపు కొట్టుదురేమో యని వణకువానికి ఈనాడు అక్షరము నేర్పుట వ్యర్థము.

అభయము తరువాత విద్య, విద్యతోబాటు ఉపకరణము, ఉపకరణముతోబాటు పని. ఈ వరుస తప్పినచో ప్రయత్నము చెడును. దేశవిభజనానంతరము పంజాబునకు వచ్చిన శరణార్థులకొరకు కురుక్షేత్రమున పెద్ద శిబిరము వెలసెను. అచ్చట లక్షలమందికి భోజనము పెట్టుచుండిరి. పనిలేని భోజనము మనుష్యుని కుంగదీయునని గ్రహించి, ఎస్.కె. డే అను ఇంజనీరు 1948లో ఆ శిబిరవాసులతో ఢిల్లీ–అంబాలా రహదారిమీది నీలోఖేరి బీడుభూమికి పోయెను. శరణార్థులే అక్కడ తమ ఇండ్లు కట్టుకొనిరి, కర్మశాలలలో పనులు నేర్చుకొనిరి, సహకార సంఘములుగ ఏర్పడిరి. చుట్టుప్రక్కల పల్లెలకు కావలసిన వస్తువులను, సేవలను సమకూర్చు ఊరుగ అది వెలయవలెనని ఆయన సంకల్పము. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకమునకు ఆ ప్రయోగము ఒక ప్రేరణ. ఇందు ముఖ్యవిషయము చుట్టుప్రక్కల పల్లెలను మరువకుండుట. వచ్చినవాడు తన అవసరముతోనే రాక, ఊరికి ఒక ఉపకారముతో వచ్చినచో ఊరు అతనిని బరువుగ తలపదు.

భాష విషయము వేరుగ చెప్పదగినది. కూలివానికి మొదటి పనిముట్టు గునపము కాదు, నాలుక. కేరళ సాక్షరతా మిషను వారు 2017లో “చంగాతి” అను పథకమున ఇతర రాష్ట్రముల కూలీలకు మలయాళము నేర్ప మొదలిడిరి. చంగాతి యనగా స్నేహితుడు. పాఠ్యపుస్తకమునకు “హమారీ మలయాళం” అని పేరు పెట్టిరి. “మీరు మా భాష నేర్చుకొనుడు” అనక, ఇది ఇరువురి భాష అనుట ఆ పేరులోని మర్యాద. అదేరీతిగ తెలంగాణలో ఇటుక బట్టీల చెంత ఒడియా పిల్లలకొరకు ఒడియా పుస్తకములతో పాఠశాలలు నడచినవి. వర్షములు పడగానే ఊరికి తిరిగిపోవలసిన పిల్లవానికి తన భాషలో చదువు తెగిపోకుండుట అవసరము. స్థిరపడిపోవువానికి ఊరిభాష అవసరము. ఎవనికి ఏది కావలెనో అడిగి ఇచ్చుటయే వివేకదానము. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల పిల్లవానికి వయస్సు పత్రము లేదను కారణమున బడిలో ప్రవేశము నిరాకరింపరాదు. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు వేలకొలది యున్నారు. వారిని వెంటబెట్టుకొని బడివరకు నడచుటకు ధనమక్కరలేదు, ఒక ఉదయము చాలును.

నిజమునకు ఈ ధర్మములో ఎక్కువ భాగము ఇట్టి చిన్నపనులతోనే నడచును. కొట్టు యజమాని మూటలు మోయువానికి దినమునకు అరగంట పద్దు చదువుట చూపవచ్చును. మేస్త్రి ఇసుక మోయు కుఱ్ఱవాని చేతికి వారమున కొకనాడు తాపీ ఈయవచ్చును. ఇల్లాలు పనిమనిషిచేత బ్యాంకు కాగితముమీద వ్రేలిముద్రకు బదులు సంతకము పెట్టింపవచ్చును. సంఘము తన విద్యార్థి వసతిగృహమున కొన్ని స్థానములు ఏ ధర్మమువారని అడుగక వలస కూలీల బిడ్డలకు ఈయవచ్చును. మొదట నష్టమువలె కనబడును. పని నేర్చినవాడు రెట్టింపు కూలి అడుగును, లేదా విడచిపోవును. విడచిపోయినచో దానము వ్యర్థమైనదని తలచువాడు దానము చేయలేదు, బదులిచ్చినాడు. బిడ్డ నడక నేర్చినది ఇల్లు దాటి పోవుటకే గదా. తల్లి అందుకు దుఃఖింపదు.

వచ్చినవానికిని బాధ్యత కలదు. ఊరి భాష నేర్చుకొనుట, ఊరి నీటిని, వీధిని తనవిగ చూచుట, పుచ్చుకొన్నదానిని మరియొకనికి అందించుట అతని వంతు. కాని ఈ బాధ్యతను ముందుగ వసూలు చేయరాదు. విత్తు వేయకముందే శిస్తు అడుగు ఊరిలో ఎవడును దున్నడు.

శ్రావకుని శిక్షావ్రతములలో అతిథిసంవిభాగము ఒకటి. అది సాధువుల నుద్దేశించి చెప్పబడినది. అయినను ఆ పేరును కొంత ఆలోచింపవలెను. రాకకు తిథి లేనివాడు అతిథి. సంవిభాగమనగా భిక్షము కాదు, పాలు పంచుట. తన పళ్లెములో మిగిలినది ఈయుమని ఆ మాట చెప్పదు. వచ్చినవాని భాగము మొదటినుండియు ఆ పళ్లెములో నున్నదని చెప్పును. నేర్పునందును, పనియందును, ఊరియందును వలసవచ్చినవానికి అట్టి భాగమున్నదని అంగీకరించుటయే అసలైన దానము. ఆ అంగీకారము కలిగిననాడు దాత యనియు, యాచకుడనియు రెండు పేర్లుండవు. ఒక వీధిలో ఇద్దరు పనివాండ్రు మాత్రమే యుందురు. వారిలో ముందు వచ్చిన వాడెవడో మరి రెండు తరములకు ఎవరికిని జ్ఞాపకముండదు.